చిలికా ఒడ్డున సెలవు రోజు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశాలోని గంజాం జిల్లా నుంచీ, దానికి ఆనుకొని ఉన్న ఇచ్ఛాపురం ప్రాంతం నుంచీ ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చిలికా సరస్సు విహారం గురించినవే ఎక్కువ. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో డెబ్బై దాటిన మా అత్తగారినీ, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలనూ తీసుకొని చిలికా చూడాలనుకుంటున్నాము. రంభ అని కొందరు, బర్కుల్ అని కొందరు, సాతపడా అని మరికొందరు చెబుతున్నారు. మూడూ ఒకే రోజులో చూడవచ్చునా? – ఒక ఉపాధ్యాయిని, బరంపురం

జవాబు: అమ్మా, మూడూ ఒక్క రోజులో పెట్టుకుంటే మీరు సరస్సును కాక జాతీయ రహదారిని చూసి వస్తారు. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల నడుమ అరవై కిలోమీటర్లకు పైగా పొడవున పరుచుకొని, వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లకు తగ్గి, వానాకాలంలో 1,100 దాటే ఈ ఉప్పుటేరు సరస్సుకు ఒక్కో ఒడ్డున ఒక్కో స్వభావం ఉంది. ఏ ఒడ్డుకు వెళ్ళాలన్నది అక్కడ మీరు ఏం చూడదలచారన్న దానినిబట్టి తేల్చుకోవాలి. పక్షులూ అమ్మవారి దర్శనమూ కావాలంటే బర్కుల్, డాల్ఫిన్లు కావాలంటే సాతపడా, కొండల నీడలో నెమ్మదిగా తిరగాలంటే రంభ.

మీ ఇంటివారి వయసులు చూస్తే మేము రంభకే ఓటు వేస్తాము. బరంపురం నుంచి సుమారు యాభై కిలోమీటర్లు; హౌరా–చెన్నై రైలు మార్గంలో స్టేషను కూడా ఉంది. ఇక్కడ తూర్పు కనుమలు నీటి అంచుదాకా దిగివస్తాయి, ద్వీపాలు ఒడ్డుకు దగ్గరగా ఉంటాయి, కాబట్టి పెద్దావిడ పడవలో గంటల తరబడి కూర్చోవలసిన పని లేదు. ఘంటశిల కొండకు సమీపంలో, నీళ్ళ మధ్య ఒక బండరాతి మీద చిన్న గదీ, పైన స్తంభమూ కనిపిస్తాయి. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా పనిచేసిన స్నాడ్‌గ్రాస్ దొర కట్టించిన కట్టడమది; బీకన్ ఐలాండ్ అంటారు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ మీద ఖల్లికోట రాజుల బంగళా శిథిలాలు ఉన్నాయి. పిల్లలకు బడకుడ ద్వీపాన్ని దూరం నుంచైనా చూపించండి. కాళ్ళు లేక పాములా కనిపించే ఒక బల్లిజాతి జీవిని ఆ ద్వీపం మీదే కనుగొని, 1917లో ఆనండేల్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామమైన బర్కుడియాలో ఆ ద్వీపం పేరే ఉంది. బడిపిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

బర్కుల్ వెళ్ళాలని మనసైతే సంక్రాంతి రోజు మాత్రం వద్దు. కాళీజాయి అమ్మవారి ద్వీపంలో ఆ రోజున పెద్ద జాతర జరుగుతుంది. రేవు దగ్గర పడవ ఎక్కడానికే తోపులాట. పెళ్ళయి అత్తవారింటికి పడవలో వెళ్తూ గాలివానకు నీటిపాలైన జాయి అనే పిల్లే దేవతగా వెలసిందని అక్కడివారి నమ్మకం. పండుగకు వారం ముందో, తరువాతో వెళితే ఆమెను తీరికగా దర్శించుకోవచ్చు. నలబణ పక్షుల అభయారణ్యాన్ని కూడా బర్కుల్ వైపు నుంచే చూస్తారు. పదిహేను చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ దీవి వానాకాలంలో పూర్తిగా మునిగి, నీరు తగ్గాక బురదనేలగా తేలుతుంది. హిమాలయాలు దాటివచ్చే, తల మీద రెండు నల్లని అడ్డపట్టీలున్న బాతులు మొదలుకొని లక్షల సంఖ్యలో పక్షులు జనవరికి అక్కడ చేరతాయి. దీవి మీద కాలు పెట్టనివ్వరు, పడవలో దూరం నుంచే చూడాలి. అందుచేత దుర్భిణి లేకుండా వెళితే మీకు కనిపించేది నల్లని చుక్కల గుంపు మాత్రమే.

ప్రశ్న: డాల్ఫిన్లు చూపిస్తామని సాతపడాలో పడవ మాట్లాడుకున్నాము. రెండు గంటలు తిరిగాక నీటి పైన ఒక వీపు కనిపించి మాయమైంది. తరువాత ఒక ఇసుకదిబ్బ దగ్గర దింపితే, అక్కడ ఎవరో చిప్ప పగలగొట్టి అందులోంచి ముత్యం తీసి మాకే అమ్మజూపారు. ఇదంతా మోసమేనా? – ఒక యువకుడు, ఇచ్ఛాపురం

జవాబు: రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు. ముత్యం సంగతిలో మీ అనుమానం నిజమే. పర్యాటకుల కళ్ళెదుటే చిప్ప పగలగొట్టి, అందులో ముందే పెట్టిన పూసను తీసి చూపించడం అక్కడ పాత విద్య. నవ్వి పక్కకు రండి, బేరం మాత్రం ఆడవద్దు. ధర తగ్గించిన కొద్దీ మీరు కొనేవారి లెక్కలో చేరిపోతారు.

డాల్ఫిన్ విషయంలో మాత్రం మీకు జరిగింది అన్యాయం కాదు. సినిమాల్లో గాలిలోకి ఎగిరి గంతులు వేసే రకం వేరు. చిలికాలో ఉన్నది ఇరావడీ డాల్ఫిన్: గుండ్రని తల, ముక్కు పొడుచుకురాదు, వీపు మధ్యభాగం దాటాక చిన్న రెక్క. అది ఊపిరికోసం పైకి వచ్చి, ‘ఫూ’ అని ఒక నిట్టూర్పులాంటి శబ్దం చేసి, బూడిదరంగు వీపును కాస్త చూపి, అంతే నిదానంగా మునుగుతుంది. ఎగరడం చాలా అరుదు. సరస్సు మొత్తం మీద వాటి సంఖ్య నూటయాభైకి అటూ ఇటూ. ఎక్కువగా సాతపడా వైపు, సముద్రానికి దారితీసే కాలువ ప్రాంతంలోనే తిరుగుతాయి. మీరు చూసిన ఆ ఒక్క వీపు పూర్తి దర్శనం కిందే లెక్క.

ఇందులో మన తప్పు కూడా కొంత ఉంది. ‘ఇంకా దగ్గరికి పోనీయండి’ అని పడవవారిని తొందరపెట్టేది మనమే. నాలుగైదు మరపడవలు ఒకే డాల్ఫిన్‌ను చుట్టుముడితే అది నీటి అడుగుకు పోతుంది, ఒక్కోసారి ఇంజను రెక్కలు తగిలి గాయపడుతుంది. ఉదయం ఎండ ముదరకముందే బయలుదేరి, అవి తిరిగే చోట ఇంజను ఆపించి, ఫోను జేబులో పెట్టుకొని కాసేపు ఊరకే ఉండండి. ముందు ఊపిరి చప్పుడు చెవిన పడుతుంది, ఆ తరువాతే కంటికి చిక్కుతుంది.

ప్రశ్న: మాకు పూట మాత్రమే తీరిక దొరుకుతుంది. చిలికాదాకా పోకుండా దగ్గరలో పడవ ఎక్కే చోటు ఉన్నదా? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఛత్రపురం దగ్గర తంపరా ఉండగా వేరే చోటు ఎందుకు? ఇది మంచినీటి సరస్సు, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాకు 2021లో ఎక్కింది, పడవ షికారుకూ నీటి ఆటలకూ ఏర్పాట్లు ఉన్నాయి. సరస్సుకూ సముద్రానికీ మధ్య సరుగుడు తోటలూ ఇసుకదిబ్బలూ ఉన్నాయి. సమీపంలోని ఆర్యపల్లి తీరంలో, ఒడియావారు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. పలకరిస్తే సంతోషంగా మాట్లాడతారు. అయితే అక్కడి సముద్రంలో దిగవద్దు, అలలు పైకి కనిపించినంత మెత్తనివి కావు.

ప్రశ్న: మాది రంభ. ఆదివారం వస్తే మా వీధి కార్లతో నిండిపోతుంది, సాయంత్రానికి ఒడ్డంతా ప్లాస్టిక్ పళ్ళాలు. పర్యాటకం వల్ల ఊరికి మేలంటారు. ఆ మేలు మాకైతే కనబడలేదు. మీ శీర్షికలో విహారం గురించి రాసేటప్పుడు ఈ మాట కూడా రాస్తారా? – ఒక గృహిణి, రంభ

జవాబు: రాస్తాము, తల్లీ. సరస్సు బాగుంటేనే విహారం ఉంటుందన్నది చిలికా ఇటీవలి చరిత్రలోనే ఉంది. భారతదేశం నుంచి 1981లో రామ్‌సర్ జాబితాలో చేరిన తొలి చిత్తడి నేలల్లో ఇదొకటి. అయినా పూడిక పేరుకుపోయి, సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గి, గుర్రపుడెక్కా కలుపూ అల్లుకొని, చేపలు పడిపోయి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికకు ఎక్కింది. రొయ్యల కోసం నీటిలో కట్టలు కట్టి వలలు చుట్టిన ఘేరీలు మరోవైపు సరస్సును పీల్చివేశాయి. చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల సాగు కూడదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పవలసి వచ్చింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వించాక ఉప్పదనం తిరిగి వచ్చింది, చేపలూ రొయ్యలూ పీతలూ పెరిగాయి, 2002లో సరస్సు ఆ ప్రమాద పట్టిక నుంచి బయటపడింది. ఇప్పుడు పర్యాటకుడు కొరికే పీత కాలు ఆ తవ్వకం చలవే.

మేలు ఊరికి చేరాలంటే డబ్బు ఎవరి చేతికి పోతున్నదో చూడాలి. ఖుర్దా జిల్లా మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మినవారే ఇప్పుడు వెదురుగడ తోసే నావలో జనాన్ని కూర్చోబెట్టుకొని, ఇంజను చప్పుడు లేకుండా రెల్లు మధ్యకు తీసుకువెళ్ళి అవే పక్షులను చూపించి బతుకుతున్నారు. మాకు తెలిసినంతలో చిలికా చుట్టూ సరైన దారి ఇదే. రంభకు వచ్చే మన పాఠకులకు మా విన్నపం ఇది: అన్నం వండుకొని తెచ్చి ఒడ్డున తిని విస్తర్లు పారేసి పోయే విందు మానండి. ఊళ్ళోని చిన్న భోజనశాలలో రొయ్యల కూరతో తినండి, ఊరివారి పడవే మాట్లాడుకోండి, తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకుపోండి. కారు స్టేషను దగ్గర వదిలి నడవగలిగినవారు నడవండి. చెత్తకుండీలు, వాహనాలు నిలిపే చోటు మాత్రం విన్నపాలతో తీరవు. అవి పురపాలక వ్యవస్థ బాధ్యత. మీ వీధివారు కలిసి లిఖితపూర్వకంగా అడగండి.

ప్రశ్న: వానాకాలంలో పడవ విహారం చేయవచ్చునా? – ఒక విద్యార్థి, ఛత్రపురం

జవాబు: చేయవద్దనే చెబుతాము. అక్టోబరులోనూ వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది ఆ నెల 12వ తేదీనే. వేసవిలోనైతే దక్షిణపు గాలి పుంజుకొని నీరు అల్లకల్లోలమయ్యేలోపు, అంటే మధ్యాహ్నంలోపు, ఒడ్డు చేరాలి. ఏ కాలమైనా లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు.

ప్రశ్న: మేము మిత్రులం మోటారు సైకిళ్ళ మీద పూరీ వెళ్ళాలనుకుంటున్నాము. జాతీయ రహదారి మీద కాకుండా సరస్సును చూస్తూ పోయే దారి ఉందా? – ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: ఉంది. పాలూరు మీదుగా సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న నేల పట్టున కృష్ణప్రసాద్ వైపు సాగి జన్హికుడ చేరితే, అక్కడ వాహనాలతో సహా ఎక్కించుకొని సాతపడాలో దింపే పెద్ద పడవ ఉంటుంది. సాతపడా నుంచి పూరీ సుమారు యాభై కిలోమీటర్లు. ఒక పక్క ఉప్పునీటి మడుగులు, ఇంకో పక్క సరుగుడు తోటలు, మధ్యమధ్య చేపలు ఎండబెట్టిన వాకిళ్ళు. మా దృష్టిలో చిలికాను అసలు చూడవలసిన దారి ఇదే. పెట్రోలు ముందే నింపుకోండి, గాలి ఎక్కువైతే పడవ ఆపేస్తారు గనుక రేవుకు చీకటి పడేలోపే చేరుకోండి, ఆఖరి పడవ వేళను ఆ ఉదయమే కనుక్కోండి.