ఫొటో కోసం ఆగుతున్నారా, నొప్పి వల్ల ఆగుతున్నారా?

ప్రశ్న: నా వయసు 48. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి, కోఠి మీదుగా ఆబిడ్స్‌లోని ఆఫీసుకు నడిచి వెళ్తాను. దారిలో పాత భవనాలు, షాపుల బోర్డులు ఫోన్‌తో ఫొటోలు తీయడం అలవాటు. మధ్యాహ్నం భోజనం చేశాక కూడా కాసేపు అలా తిరిగొస్తాను. రెండు నెలలుగా కుడి చేతి బొటనవేలి మొదట్లో నొప్పిగా ఉంది. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటున్నాను. ఏ ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతుంది? భోజనం తర్వాత నడుస్తుంటే గ్యాస్ వల్ల ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. ఆగి రెండు ఫొటోలు తీసుకునేలోపు సర్దుకుంటుంది. దానికి పాంటాప్రజోల్ వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బొటనవేలి సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో మాటవరసకు రాసిన విషయమే నన్ను కంగారు పెడుతోంది.

నడిస్తే వచ్చి, ఆగితే పోయే ఛాతీ బిగింపును గ్యాస్ అని మీకు మీరే తేల్చేసుకోకండి. మీరు నడుస్తున్నారో నిలబడ్డారో గ్యాస్‌కు ఏం తెలుసు? గుండె రక్తనాళాలు సన్నబడినప్పుడు వచ్చే యాంజైనా సరిగ్గా ఇలాగే ఉంటుంది. తిన్న వెంటనే నడిస్తే గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది, అందుకే అప్పుడు త్వరగా పట్టేస్తుంది. మిమ్మల్ని పరీక్షించకుండా ఇది గుండె జబ్బే అని చెప్పలేను. కానీ ఈ వయసులో, షుగర్ ఉండగా, కాదని తేలేదాకా అదే అనుకుని జాగ్రత్త పడాలి.

రెండు మూడు రోజుల్లోపు కార్డియాలజిస్టును కలవండి. ఈసీజీ ఒక్కటి తీయించుకుని, నార్మల్ అన్నారని ఇంటికి వచ్చేయకండి. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగానే ఉండొచ్చు. టూడీ ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ తీసే ఈసీజీ) వంటివి అవసరమా అన్నది ఆయన నిర్ణయిస్తారు. వెళ్లేటప్పుడు మీ ఫొటోలు కూడా చూపించండి, సరదాకు చెప్పడం లేదు. వాటి మీద తేదీ, టైము ఉంటాయి. రెండు నెలల కిందట బ్యాంక్ స్ట్రీట్ దాటాక ఆగినవారు ఇప్పుడు అంతకంటే ముందే, కోఠి చౌరస్తాలోనే ఆగాల్సి వస్తోందా? అలాగైతే ఆలస్యం చేయకుండా ఆ రోజే వెళ్లాలి. అప్పటిదాకా భోజనం తర్వాత నడక వద్దు. స్టేషన్ నుంచి ఆటో ఎక్కండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు మెడికల్ షాపుకు వెళ్లి, ఆ తర్వాతే వస్తారు. అసలు కోపం నాకు అక్కడే. గ్యాస్ మాత్ర వేసుకున్నాక నొప్పి తగ్గితే అది మాత్ర మహిమ అనుకుంటారు. ఆగి నిలబడ్డారు కాబట్టి తగ్గింది, అంతే! డైక్లోఫెనాక్ సంగతి మరీ అన్యాయం. గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ముప్పు పెంచుతుంది, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకూ మంచిది కాదు. ఈ రోజే ఆపేయండి. అలాగని పక్కింటాయన గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టుకోకండి. లైంగిక సమస్యలకు వాడే సిల్డెనాఫిల్ వంటి మాత్రలు వేసుకున్నవారికి దాంతో బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆగినా తగ్గని నొప్పి, చల్లటి చెమట, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకడం... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా ఉత్త ఆయాసమే రావచ్చు. బండి నడుపుకుంటూ మాత్రం ఆసుపత్రికి వెళ్లకండి.

ఇక బొటనవేలు. ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని అదే చేతి బొటనవేలితో నొక్కడం వల్ల అక్కడి స్నాయువుల పొర వాచి ఉండొచ్చు. రెండు చేతులతో పట్టుకుని, పక్కనున్న వాల్యూమ్ బటన్‌ను చూపుడువేలితో నొక్కండి. చాలా ఫోన్లలో దాంతో ఫొటో వస్తుంది. బొటనవేలిని కదలకుండా ఉంచే స్ప్లింట్ దొరుకుతుంది. ఆయింట్‌మెంట్ ఏదైనా డాక్టర్‌ను అడిగాకే రాయండి. కొన్ని వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించండి, అదీ గుండె డాక్టర్‌ను కలిసిన తర్వాతే.