ఏడేళ్ల పిల్లలకు కుటుంబ చరిత్ర మీద ఆసక్తి కలిగించడం ఎలా?

వంశవృక్షం చార్టుతో మాత్రం మొదలుపెట్టకండి. ఆ వయసులో ముత్తాత అంటే ఒక పేరు, అంతే. చేతికి అందే వస్తువు ఒకటి కావాలి.

మేం అటక మీది పాత సామాను దించాం. అప్పట్లో పెళ్లికి పెట్టే గిన్నెల మీద పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించేవారు కదా. ఇత్తడి బిందెను చింతపండుతో తోముతుంటే అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. మా పాప కూడబలుక్కుని చదివి, "ఇది నానమ్మ పేరు!" అని అరిచింది. ఆ మధ్యాహ్నమంతా నానమ్మకి ప్రశ్నలే. బడికి ఎలా వెళ్లేదానివి, ఎవరు కొట్టారు, దొంగతనంగా ఏం తిన్నావు... ఆ జవాబులు ఫోన్‌లో తప్పకుండా రికార్డు చేయండి.

వరసలు కూడా నేర్పండి. పెద్దనాన్న అనగానే నాన్నకి అన్నో, అమ్మ వాళ్ల అక్క భర్తో అని తెలిసిపోతుంది. అంకుల్ అంటే ఏమీ తెలియదు.

హైదరాబాద్‌లో ఉంటే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు చూపించండి. 1908 మూసీ వరదల్లో సుమారు 150 మంది దాన్ని ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. "అప్పుడు మనవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు?" అని తాతయ్యని పిల్లల చేతే అడిగించండి. ఆయన చెప్పలేకపోతే ఇంటిపేరు చూడండి, చాలా ఇంటిపేర్లు ఊరి పేర్లే. ఆ ఊరిని మ్యాప్‌లో వెతికే పని పిల్లలకే ఇవ్వండి.