ఫార్మాట్ చేసే ముందు ఒక్క నిమిషం: పాత ల్యాప్‌టాప్‌ల మీద మీ ప్రశ్నలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాత ల్యాప్‌టాప్‌ల గురించే. "బాగానే పనిచేస్తోంది, కానీ పారేయమంటున్నారు" అన్న బాధ దాదాపు ప్రతి ఉత్తరంలోనూ కనిపిస్తోంది. పారేయక్కర్లేదు. కాకపోతే ఏ ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వెయ్యాలన్నది లోపల ఏ చిప్ ఉందో, దానికి డ్రైవర్ (ఆ చిప్‌ను ఓఎస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) ఎక్కడ దొరుకుతుందో చూశాక తేల్చుకోవాలి. చాలామంది ముందు డిస్క్ మొత్తం తుడిచేసి, ఆ తర్వాత డ్రైవర్ల కోసం వెతుకుతున్నారు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతోంది.

ప్రశ్న: నాది ఇంటెల్ ఐ5, 6వ తరం, 8 జీబీ ర్యామ్. విండోస్ 11 పెట్టబోతే టీపీఎం 2.0 లేదంటోంది. ఇక కొత్తది కొనాల్సిందేనా?

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీసి చూద్దాం. టీపీఎం (తాళంచెవుల్లాంటి రహస్యాలను భద్రంగా దాచే సెక్యూరిటీ భాగం) సంగతి మీరు అనుకున్నంత కష్టం కాకపోవచ్చు. 6వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, బయాస్‌లో (విండోస్ మొదలవకముందే నడిచే సెటప్ ప్రోగ్రామ్‌లో) ఆఫ్ అయి ఉంటుంది అంతే. బయాస్‌లోకి వెళ్లి సెక్యూరిటీ మెనూలో ఇంటెల్ పీటీటీ అన్న పేరుతో వెతకండి (ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది). ఒక్క జాగ్రత్త: మీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్ అయి ఉందేమో ముందే చూసుకుని, దాని రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చేది) సెట్టింగ్స్ మార్చాక విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది, అప్పుడు అది చేతిలో లేకపోతే మీ ఫైల్స్ మీకే తెరుచుకోవు.

రెండోది ప్రాసెసర్. మైక్రోసాఫ్ట్ జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్ 8వ తరం నుంచే మొదలవుతుంది. కాబట్టి టీపీఎం ఆన్ చేసినా మీ మెషీన్ అధికారికంగా ఆ జాబితాలోకి రాదు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు టీపీఎం, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్ తనిఖీలు తీసేయాలా అని ఒక చిన్న బాక్స్ అడుగుతుంది. అది టిక్ చేసి ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే 6వ తరం మెషీన్ మీద విండోస్ 11 ఎక్కుతుంది, విండోస్ 10 డ్రైవర్లే దాదాపు అన్నీ సరిపోతాయి. కానీ ఇలా పెట్టిన మెషీన్లకు అప్‌డేట్స్ వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్స్ వచ్చినా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కు మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాల్సి రావచ్చు. ఆ ఓపిక ఉంటేనే ఆ దారి పట్టండి.

ఈ దారికీ ఒక హద్దుంది. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్లు తప్పనిసరి. మొదటి తరం ఐ3, ఐ5, ఐ7 నుంచీ అవి ఉన్నాయి. కోర్ 2 డ్యూయోలో లేవు, అందుకే దాని మీద ఏ ట్రిక్ వాడినా అసలు బూటే కాదు.

మీరు నన్ను అడిగితే తొందరపడొద్దనే అంటాను. విండోస్ 10లోనే ఉండి ఈఎస్‌యూ అనే పొడిగింపు తీసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరొచ్చు, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ ఉంటుంది. ఈలోగా లినక్స్‌ను (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఓఎస్) పెన్‌డ్రైవ్ నుంచి నడిపి మీ పనులకు సరిపోతుందో లేదో చూసుకోండి. ఏ అప్‌డేట్సూ లేని విండోస్ 10 మీద బ్యాంకు పనులు మాత్రం చెయ్యొద్దు.

ప్రశ్న: విండోస్ 10 కొత్తగా వేశాను. వైఫై రావట్లేదు, డివైస్ మేనేజర్‌లో (విండోస్ చూపే హార్డ్‌వేర్ జాబితాలో) నాలుగైదు పసుపు గుర్తులు, 'అన్‌నోన్ డివైస్' అని కనిపిస్తున్నాయి. నెట్ లేకుండా డ్రైవర్లు ఎలా దించుకోవాలి? టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకండి, మీ ఫోన్ ఉంటే చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే విండోస్ దాన్ని నెట్‌వర్క్ కార్డులా గుర్తిస్తుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. నెట్ వచ్చాక ముందు విండోస్ అప్‌డేట్ నడిపించండి, తర్వాత అందులోనే ఆప్షనల్ అప్‌డేట్స్ తెరిచి డ్రైవర్ అప్‌డేట్స్ ఏమున్నాయో చూడండి. ఈ రెండో అడుగు చాలామందికి తెలియదు. పసుపు గుర్తుల్లో సగం ఇక్కడే పోయే సందర్భాలు ఎక్కువ.

మిగిలినవాటికి పేరు కనుక్కోవాలి. అన్‌నోన్ డివైస్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ ట్యాబ్, అక్కడ డ్రాప్‌డౌన్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. పీసీఐ అని మొదలయ్యే పొడుగాటి వరుస ఒకటి కనిపిస్తుంది. అందులో వీఈఎన్ తర్వాత ఉన్న నాలుగు అక్షరాలు తయారీదారు కోడ్, డీఈవీ తర్వాత ఉన్న నాలుగు ఆ చిప్ కోడ్. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సీ అంటే ఎథెరోస్. ల్యాప్‌టాప్ మీద స్టిక్కర్ ఏం చెప్పినా సరే, ఈ కోడ్ చెప్పేదే నమ్మండి, ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలోనే రెండు మూడు రకాల వైఫై కార్డులు ఉంటాయి. ఆ వరుసలో వీఈఎన్ నుంచి డీఈవీ కోడ్ వరకు కాపీ చేసి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్‌లో వెతికితే, ఆ చిప్‌కు మైక్రోసాఫ్ట్ దగ్గర ఉన్న డ్రైవర్లు బయటపడతాయి.

కొన్ని పేర్లు చూడగానే గుర్తుపట్టొచ్చు. 'ఎస్‌ఎం బస్ కంట్రోలర్' అని ఉంటే చిప్‌సెట్ డ్రైవర్ పడలేదని అర్థం. 'పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్' అని ఉంటే దాదాపు ఎప్పుడూ పడనిది ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవరే. ఐడీ పీసీఐతో కాకుండా ఏసీపీఐతో మొదలైతే అది ల్యాప్‌టాప్ కంపెనీ సొంతంగా పెట్టుకున్న భాగం అయి ఉంటుంది. ఉదాహరణకు డెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎంఓ8800 అని కనిపిస్తే, అది ల్యాప్‌టాప్ చేతిలోంచి జారిపడుతుంటే కనిపెట్టి హార్డ్ డిస్క్‌ను కాపాడే సెన్సర్. మీరు ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్క్) వేసుకుని ఉంటే దాంతో పనే లేదు, ఆ పసుపు గుర్తును అలాగే వదిలేయండి.

ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు విండోస్ 7, 8.1 డ్రైవర్లే ఉన్నాయని నిరాశపడొద్దు. 64-బిట్ అయితే చాలా వరకు విండోస్ 10లో కూడా పనిచేస్తాయి. సెటప్ ఫైల్ "ఈ ఓఎస్‌కు కాదు" అని మొండికేస్తే, దాన్ని 7-జిప్‌తో విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టండి, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ మై కంప్యూటర్ ఎంచుకుని ఆ ఫోల్డర్ చూపించండి. అభ్యంతరం చెప్పేది ఎక్కువసార్లు సెటప్ ప్రోగ్రామే, లోపల డ్రైవర్ వివరాలుండే ఐఎన్‌ఎఫ్ ఫైల్‌తో విండోస్‌కు పేచీ ఉండదు. 32-బిట్ డ్రైవర్ మాత్రం 64-బిట్ విండోస్‌లో ఏం చేసినా పనిచేయదు.

"మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తాం" అనే ప్రోగ్రామ్‌ల జోలికి దయచేసి వెళ్లకండి. తప్పు డ్రైవర్ వేసి ఉన్న సౌండ్ కూడా పోగొట్టుకున్న ఉత్తరాలు నాకు చాలానే వచ్చాయి. ఇకముందు ఏ మెషీన్ ఫార్మాట్ చేయాలన్నా, పాత విండోస్ ఇంకా నడుస్తున్నప్పుడే పీఎన్‌పీయుటిల్ కమాండ్‌లో ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ ఆప్షన్ వాడి డ్రైవర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోండి. విండోస్ 10లో అది ముందే ఉంటుంది, కొన్ని నిమిషాల పని.

ప్రశ్న: స్క్రీన్ బ్రైట్‌నెస్ మారట్లేదు, స్లీప్ ఆప్షన్ మాయమైంది, వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయి. హార్డ్‌వేర్ పాడైందా?

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉందా? ఉంటే హార్డ్‌వేర్ భేషుగ్గా ఉంది, గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదంతే. మీరు చెప్పిన మూడూ దాని లక్షణాలే. ఇంటెల్ సైట్ నుంచి దించిన డ్రైవర్ "ఈ కంప్యూటర్‌కు ధ్రువీకరించలేదు" అంటే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వేసి చూడండి. ఇంటెల్, ఎన్‌విడియా రెండూ ఉన్న మెషీన్ అయితే ఇంటెల్‌ది ముందు, ఎన్‌విడియాది తర్వాత వేయండి.

ప్రశ్న: లినక్స్ మింట్ వేశాను, చాలా నచ్చింది, కానీ వైఫై లేదు. డ్రైవర్ మేనేజర్‌లో బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసినా రావట్లేదు.

ఇన్‌స్టాల్ చేశాక రీస్టార్ట్‌లో నీలం రంగు తెర ఒకటి వచ్చి ఉంటుంది, మీరు 'కంటిన్యూ బూట్' నొక్కి దాటేసి ఉంటారు. నా అనుమానం అదే. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు లినక్స్ కెర్నల్ (ఓఎస్‌కు గుండెకాయ లాంటి భాగం) సంతకం లేని డ్రైవర్‌ను లోడ్ చేయదు. బ్రాడ్‌కామ్ డ్రైవర్ మీ మెషీన్‌లోనే తయారవుతుంది కాబట్టి దాని సంతకానికి వాడిన తాళంచెవిని మీరే ఆమోదించాలి. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది, రీస్టార్ట్‌లో ఆ నీలం తెర మీద 'ఎన్‌రోల్ ఎంఓకే' (అంటే ఆ తాళంచెవిని ఆమోదించడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కాసేపే ఉంటుంది, చూసేలోపే వెళ్లిపోతుంది. కాబట్టి ఫోన్ టెథరింగ్‌తో నెట్ పెట్టుకుని, డ్రైవర్ తీసేసి మళ్లీ వేసి, ఈసారి రీస్టార్ట్ దగ్గర నుంచి కదలకండి. అప్పటికీ రాకపోతే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి చూడండి.

ఇప్పుడే లినక్స్‌కు మారాలనుకుంటున్నవారికి ఒక మాట. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, మూత మూసి తెరిస్తే మేల్కొంటోందా, ఇవన్నీ చూడండి. ఎన్‌విడియా ఉన్న మెషీన్లలో బూట్ అయ్యేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే, బూట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుంటే చాలావరకు దారికొస్తుంది.

ప్రశ్న: 2008 నాటి ల్యాప్‌టాప్, 2 జీబీ ర్యామ్, 32-బిట్ విండోస్. దీని మీద ఇప్పుడు ఏదైనా నడుస్తుందా?

32-బిట్ విండోస్ ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ 32-బిట్ అనుకోవద్దు. కోర్ 2 డ్యూయో 64-బిట్ ప్రాసెసరే, అప్పట్లో ర్యామ్ తక్కువని 32-బిట్ విండోస్ వేసి ఇచ్చేవారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ దగ్గర 'ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్' అని ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్రయత్నించండి, దానికి కనీసం 2 జీబీ కావాలి, 4 అయితే హాయిగా ఉంటుంది. నిజంగానే 32-బిట్ అయితే దారులు మూసుకుపోతున్నాయి: 2025లో వచ్చిన డెబియన్ 13కి (ఇదీ ఒక రకం లినక్సే) 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు, ఫైర్‌ఫాక్స్ కూడా 144 తర్వాతి మామూలు వెర్షన్లు 32-బిట్ లినక్స్‌కు ఇవ్వట్లేదు. బ్రౌజర్ పాతబడిపోతే నెట్‌కు వాడటం ప్రమాదం. రాసుకోవడానికో, పాటలు వినడానికో నెట్ లేకుండా ఉంచుకోండి.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2012కి వెళ్లిపోతోంది. ఏ సైట్ తెరిచినా సురక్షితం కాదంటోంది. వైరస్సా?

కాదు, మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బటన్ సెల్ అయిపోయింది. సైట్ల సర్టిఫికెట్లకు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ గడియారం 2012లో ఉంటే, బ్రౌజర్ లెక్క ప్రకారం ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. విండోస్ అప్‌డేట్ కూడా ఇదే కారణంగా ఆగిపోతుంది. ఎక్కువగా వాడేది సీఆర్2032 సెల్, కానీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికి రెండు వైర్లు, చిన్న ప్లగ్ అతికించి ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంటుంది, అలాంటిదైతే తొడుగుతో సహా అదే రకం తీసుకోండి. మార్చే ముందు ఛార్జర్, బ్యాటరీ రెండూ తీసేయండి. మార్చాక తేదీతో పాటు బయాస్‌లో బూట్ మోడ్, శాటా మోడ్ (డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) కూడా చూడండి. ఏహెచ్‌సీఐలో ఉండాల్సింది వేరే మోడ్‌లోకి మారిపోతే విండోస్ బూట్ కాకుండా నీలం తెర చూపిస్తుంది, పాత మోడ్‌కు తిప్పితే సరిపోతుంది, మళ్లీ ఫార్మాట్ చేయక్కర్లేదు.