అతుకు గురించి రాస్తే విడుపు గురించీ రాయాలి

చిరంజీవికి,

కణాలు ఎలా పట్టుకుని నడుస్తాయో రాసిన నీ వ్యాసం చదివాను. శ్రమ కనిపిస్తోంది. కానీ మొదటి పేరాలోనే ఇంటిగ్రిన్, టాలిన్, విన్‌క్యులిన్, ఫ్యాక్, రో, ర్యాక్ అనే ప్రోటీన్లు వరసగా వచ్చి నమస్కారం పెట్టి వెళ్లిపోయాయి. ఎవరి పని ఏమిటో తెలిసేలోపే పేరా అయిపోయింది. ఒక్కదాన్ని పట్టుకో. అది లేకపోతే కణానికి ఏమవుతుందో చెప్పు.

ఫ్యాక్‌నే తీసుకో. కణం తన కింది నేలను పట్టుకునే చోట్ల చేరే ఎంజైమ్ అది. "ఫ్యాక్ అతుకును పెంచుతుంది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. 1995లో ఫ్యాక్ జన్యువు లేని ఎలుక కణాలను పరిశీలించారు. పట్టు సడలిపోతుందనే ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే అతుకులు పెరిగాయి, నడక మందగించింది! కణం కదలాలంటే ముందు కొత్త పట్టు దొరకడమే కాదు, పాత పట్టు వదలాలి కూడా. ఫ్యాక్ లేకపోతే ఆ వదలడమే కుంటుపడుతుంది. పట్టు మరీ గట్టిదైతే కణం ఉన్నచోటే ఉండిపోతుంది, మరీ వదులైతే జారుతుంది. నడక సాగేది ఆ మధ్యనే. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే. నువ్వేమో దాన్ని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు.

టాలిన్ దగ్గర కాస్త ఆగు. ఒక కొసన కణం పొరలో ఉండి బయటి నేలను పట్టుకునే ఇంటిగ్రిన్‌ను, మరోవైపు కణం లోపలి అస్థిపంజరం లాంటి ఆక్టిన్ పోగులను పట్టుకుని ఉంటుంది. పోగులు లాగితే దాని మడతలు విచ్చుకుంటాయి, లోపల దాగిన చోట్లు బయటపడతాయి, విన్‌క్యులిన్ వచ్చి అక్కడ అంటుకుని పట్టును బిగిస్తుంది. లాగినకొద్దీ గట్టిపడే అతుకు! ఇలాంటిది చేతికి దొరికితే రెండు వాక్యాలతో సరిపెడతారా ఎవరైనా?

కణంలో స్విచ్చుల్లా పనిచేసే రో, ర్యాక్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త. రో కణంలో బిగువు తీగలు పుట్టిస్తుందని, ర్యాక్ అంచును అలలుగా లేపుతుందని 1992లో ఆన్ రిడ్లీ, అలన్ హాల్ బృందం చూపింది. అప్పటినుంచీ కదిలే కణం ముందంచున ర్యాక్, వెనకంచున రో అని అందరూ గీత గీసేశారు, నువ్వూ గీశావు. తర్వాత బతికున్న కణాల్లో చూస్తే ముందంచున కూడా రో చురుగ్గానే కనిపించింది. ఎక్కడ, ఏ క్షణంలో అన్నది చెప్పకుండా ఈ రెండింటి గురించి రాయొద్దు.

ఇక మొదలు మార్చు. కిండ్లిన్-3 లోపంతో పుట్టిన పిల్లలతో ఎత్తుకో. వాళ్ల తెల్లరక్తకణాల మీద ఇంటిగ్రిన్లు ఉంటాయి, కానీ వాటిని మేల్కొలిపే ఈ ప్రోటీన్ లేదు. కణాలు రక్తనాళం గోడ వెంట దొర్లుతాయే తప్ప నిలదొక్కుకోలేవు, ఇన్ఫెక్షన్ దగ్గరికి చేరలేవు. అందుకే ఇన్ఫెక్షన్లు మళ్లీమళ్లీ వచ్చినా, తెల్లకణాలు అక్కడ పోగవక చీము పట్టదు. ప్లేట్‌లెట్లదీ అదే అవస్థ కాబట్టి రక్తస్రావమూ ఆగదు. చీము పట్టకపోవడం ఎందుకు ప్రమాదమో తెలిసిన పాఠకుడు తర్వాతి పేరా తనే వెతుక్కుంటూ వస్తాడు.

ఆక్టిన్ పోగులకు కొమ్మలు వేసే ఆర్ప్2/3 సంగతి ఈసారికి వదిలెయ్, బొమ్మ కింద ఒక్క ముక్క చాలు. తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.