ఫ్యూజిలియర్ బొమ్మను గ్రెనేడియర్‌గా మార్చడం ఎలా?

నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ సైనికుల చిన్న బొమ్మల్లో ఫ్యూజిలియర్ (మామూలు పదాతి సైనికుడు)ను గ్రెనేడియర్ (ఎంపికచేసిన మేటి సైనికుడు)గా మార్చొచ్చు, కానీ భుజాలకు ఎర్ర రంగు పూస్తే సరిపోదు. 1808 తర్వాత ఫ్రెంచ్ బెటాలియన్‌లో ఆరు కంపెనీలు: నాలుగు ఫ్యూజిలియర్, ఒకటి గ్రెనేడియర్, ఒకటి వోల్టిజర్ (చురుకైన తేలికపాటి పదాతి). గ్రెనేడియర్‌కు ఎర్ర ఎపాలెట్లు (భుజాలమీది కుచ్చుల అలంకారాలు), పొట్టి కత్తి, దానికి రెండో పట్టీ ఉంటాయి. ఫ్యూజిలియర్‌కు తూటాల పెట్టె పట్టీ ఒక్కటే. చాలామంది మరిచిపోయేది ఈ రెండో పట్టీనే.

28 మి.మీ. బొమ్మకు 1 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ షీటు ముక్క కోసి, కుడి భుజం నుంచి ఎడమ నడుముకు అతికించండి. కత్తి విడి భాగాల్లోంచి తీసుకోవచ్చు.

ఎపాలెట్లకు గ్రీన్ స్టఫ్ (రెండు రంగుల పట్టీగా వచ్చే, కలిపితే గట్టిపడే మలిచే ముద్ద) నీలం, పసుపు సమంగా కలపండి. రెండు రంగులు ఆనుకున్న మధ్యగీత ముందే గట్టిపడి ఉంటుంది. దాన్ని కోసి పారేయకపోతే ముద్దలో పలుకులు తగులుతాయి. 2 మి.మీ. ఉండను భుజంమీద అదిమి, తడి బ్లేడుతో అంచున కుచ్చుల గీతలు పెట్టండి. బ్లేడు పొడిగా ఉంటే ఉండ మొత్తం లేచి వస్తుంది! రాత్రంతా ఆరనివ్వండి.

రంగు విషయానికొస్తే, నీలం మీద నేరుగా ఎరుపు వేస్తే మసకగా తేలుతుంది. ముందు గోధుమరంగు పూత వేయండి. పట్టీలకు మొదట లేత బూడిదరంగు రెండు పల్చటి పూతలు, తర్వాత అంచులు వదిలి మధ్యలో తెలుపు. చిక్కటి తెలుపు ఒకేసారి పూస్తే సున్నం కొట్టినట్టు గరుకుగా మిగులుతుంది.