ఎంపీహెచ్ ముందా, జనరల్ మెడిసిన్ ముందా?

ప్రశ్న: ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉన్నాను. అంటువ్యాధుల నిపుణుడిగా రోగులను చూస్తూనే ప్రజారోగ్యంలో పాఠాలు చెప్పాలని, పరిశోధన చేయాలని ఉంది. ఎంబీబీఎస్ కాగానే ప్రజారోగ్యంలో పీజీ కోర్సు అయిన ఎంపీహెచ్‌లో చేరవచ్చా?

జవాబు: చేరవచ్చు. కానీ మీరు కోరుకున్న చోటికి ఆ దారి సగం వరకే వెళ్తుంది. 1–2 ఏళ్ల ఎంపీహెచ్ వల్ల రోగికి వైద్యం చేసే నైపుణ్యం రాదు. దానికి ముందు జనరల్ మెడిసిన్ కావాలి, సాధారణంగా 3 ఏళ్లు. ఆ తర్వాత ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో మరో 2–3 ఏళ్లు. ఎంపీహెచ్ ఆ చివరి దశలో చేయడం మేలు. ఇప్పుడే చేస్తే నేర్చుకున్న స్టాటిస్టిక్స్ అంతా వార్డు డ్యూటీల్లో పడి మరిచిపోతారు. పైగా థీసిస్‌కు మీదంటూ ఒక పరిశోధన ప్రశ్న ఉండదు.

ఆ ప్రశ్న పుట్టేది రోగి మంచం దగ్గరే. రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌నే తీసుకోండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే, ఒంట్లో వేర్వేరు చోట్ల నుంచి కనీసం 2 సెట్ల రక్తం తీయాలి (ఒక చోట తీసిన రక్తం నింపిన బాటిళ్లు ఒక సెట్). పెద్దవాళ్లకైతే బాటిల్‌కు 8–10 మిల్లీలీటర్లు. రక్తం తగ్గితే ఉన్న బ్యాక్టీరియా కూడా దొరకకపోవచ్చు. యాంటీసెప్టిక్ ఆరకముందే సూది గుచ్చితే చర్మం మీది బ్యాక్టీరియా బాటిల్‌లోకి చేరుతుంది. మామూలుగా చర్మం మీద ఉండే కోయాగులేజ్ నెగటివ్ స్టాఫైలోకోకస్ ఒక్క సెట్‌లోనే పెరిగితే చాలాసార్లు అది కలుషితమే. రక్తంలో చేరితే ప్రమాదకరమైన స్టాఫైలోకోకస్ ఆరియస్ మాత్రం ఒక్క బాటిల్‌లో కనబడినా కొట్టిపారేయకూడదు. కల్చర్ మళ్లీ పంపాలి, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకిందేమో చూడటానికి ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. సర్జన్లు, ఐసీయూ డాక్టర్లు మిమ్మల్ని పిలిచేది ఇలాంటి తేడాలు తేల్చడానికే.

ప్రజారోగ్యంలోనూ కావలసింది ఈ జాగ్రత్తే. విరేచనాలు ప్రబలిన చోట జబ్బుపడిన 40 మందిలో 36 మంది ఒకే బావి నీళ్లు తాగారనుకుందాం. తప్పు బావిదేనా? అప్పుడే చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ నూటికి 90 మంది అవే నీళ్లు తాగుతుంటే ఆ 36కు అర్థమే లేదు. అందరినీ అడిగితే, తాగిన 60 మందిలో 36 మందికి, తాగని 40 మందిలో నలుగురికే జబ్బు చేసిందని తేలిందనుకోండి. 60 శాతం ఎక్కడ, 10 శాతం ఎక్కడ? ముప్పు ఆరు రెట్లు. అప్పుడు బావిని అనుమానించాలి. కొత్తవాళ్లు జబ్బుపడినవాళ్లనే అడిగి ఊరుకుంటారు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

ప్రస్తుతానికి మైక్రోబయాలజీ గట్టిగా చదవండి. స్టాటిస్టిక్స్‌కు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, రోజూ కాసేపు సాధన చేయండి. చిన్న అధ్యయనమైనా సరే, ప్రోటోకాల్ (అధ్యయన ప్రణాళిక) రాసి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే డేటా సేకరించండి. సొంతంగా పరిశోధన బృందాన్ని నడపాలనుకుంటే పీహెచ్‌డీ దాదాపు తప్పదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట ఇప్పుడే చెప్పండి: యాంజియోప్లాస్టీ లాంటి ప్రొసీజర్లు తక్కువ కాబట్టి అంటువ్యాధుల శాఖలో ఆదాయం సాధారణంగా కార్డియాలజీ అంత ఉండదు. రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు, వారంలో ఎన్ని రోజులు పరిశోధనకో నియామక పత్రంలోనే రాయించుకోండి. నోటిమాటకు వదిలేస్తే, ఓపీ రద్దీ పెరగగానే ముందు పోయేవి ఆ రోజులే.