ఏజెన్సీ కాంట్రాక్టు: జీతంగా తీసుకోవాలా, ఫీజుగానా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీరుని. ఎనిమిదేళ్ళు పర్మనెంటు ఉద్యోగం చేశాక, ఇప్పుడు ఒక స్టాఫింగ్ ఏజెన్సీ ద్వారా గచ్చిబౌలిలోని ఒక పెద్ద సంస్థలో ఏడాది కాంట్రాక్టు వచ్చింది. ఏజెన్సీ వారు రెండు మార్గాలు చెప్పారు. వారి పేరోల్‌లో, అంటే జీతం తీసుకునే ఉద్యోగిగా చేరితే నెలకు 1,40,000 రూపాయల సీటీసీ (ఏజెన్సీ పీఎఫ్ వాటాతో సహా నా మీద పెట్టే మొత్తం ఖర్చు) ఇస్తారు. కన్సల్టెంటుగా చేరితే పనిచేసిన రోజుకు 7,200 రూపాయల చొప్పున లెక్కగట్టి, పది శాతం టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) పట్టుకుని ఇస్తారు. ‘కన్సల్టెంటుగా చేరితే పన్నే ఉండదు, అందరూ అదే తీసుకుంటున్నారు’ అంటున్నారు. అమ్మానాన్నలు నా దగ్గరే ఉంటారు. నాన్నగారికి షుగరు ఉంది, రెండేళ్ళ కిందట స్టెంటు కూడా వేశారు. ఏడాదిలోగా బ్యాంకు లోను తీసుకుని ఫ్లాటు కొనాలనుకుంటున్నాను. ఏది మంచిది?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఏజెన్సీ చూపిన అంకెలను ఒకే కొలతలోకి తెద్దాం. రోజుకు 7,200 అంటే నెలకు లక్షన్నర దాటినట్టు కనిపిస్తుంది. కానీ ఏడాదిలో శని, ఆదివారాలు పోగా మిగిలే 261 రోజుల్లో పండుగ సెలవులు పది, మీరు పెట్టుకునే సెలవులు పద్దెనిమిది అనుకుంటే పనిదినాలు 233 మాత్రమే. ఆ లెక్కన మీకు వచ్చేది 16,77,600 రూపాయలు. పేరోల్‌లో మీ సీటీసీ ఏడాదికి 16,80,000. అంటే కన్సల్టెంటుగా చేరినందుకు ఏజెన్సీ మీకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వడం లేదు. ఎక్కువగా కనిపిస్తున్నదంతా పన్ను చట్టం వదిలిపెట్టే సొమ్మే. మరోవైపు పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా ప్రీమియం, సెలవు రోజుల జీతం వంటి బాధ్యతలన్నీ ఏజెన్సీ భుజం మీది నుంచి మీ భుజం మీదికి వస్తాయి. వారు ఈ మార్గాన్నే ఎందుకు పొగుడుతున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పన్ను మాటలో నిజం లేకపోలేదు. 2025-26 ఆర్థిక సంవత్సరపు నిబంధనల ప్రకారం, సాంకేతిక వృత్తిలో ఉన్నవారు 44ఏడీఏ సెక్షన్ కింద వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపవచ్చు. వసూళ్ళు 50 లక్షల లోపు ఉండాలి. నగదు రూపంలో తీసుకున్నది ఐదు శాతం మించకపోతే 75 లక్షల దాకా వెసులుబాటు ఉంది. మీ విషయంలో ఆ సగం 8,38,800 రూపాయలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉన్నందువల్ల కట్టవలసిన పన్ను సున్నా అవుతుంది, టీడీఎస్‌గా పోయిన 1,67,760 రూపాయలు రిటర్ను వేశాక వాపసు వస్తాయి. పేరోల్‌లో అయితే, పీఎఫ్ మీరూ, ఏజెన్సీ చెరొక 1,800 నెలకు చొప్పున కనీస స్థాయిలోనే కడతారనుకుని, జీతగాళ్ళకిచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసివేశాక, సెస్సుతో కలిపి సుమారు 1,22,000 పన్ను పడుతుంది. పీఎఫ్ వాటాలు రెండూ, వృత్తి పన్ను కూడా పోగా ఏడాదికి చేతికొచ్చేది 15 లక్షల 12 వేల దాకా ఉంటుంది. కన్సల్టెంటు మార్గంతో తేడా లక్షా అరవై అయిదు వేలు. అందులో రెండు వాటాలూ కలిపి 43,200 రూపాయలు పీఎఫ్ ఖాతాలో మీ పేరిటే చేరేవి కాబట్టి, నిజంగా బేరీజు వేయవలసింది లక్షా ఇరవై రెండు వేలనే.

ఈ మొత్తానికి బదులుగా మీరు వదులుకుంటున్నవాటిలో మొదటిది ఆరోగ్య బీమా. ఏజెన్సీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంటే, అలాంటి పాలసీలు సాధారణంగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. బయట సొంతంగా తీసుకునే పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు, స్టెంటు వేయించుకున్న వారికి అసలు పాలసీ ఇవ్వడానికే కంపెనీలు వెనకాడతాయి. అయితే చాలా ఏజెన్సీలు భార్యాపిల్లలకే బీమా ఇచ్చి ఊరుకుంటాయి. అందుకని, తల్లిదండ్రుల పేర్లు పాలసీలో చేరుస్తారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. చేర్చరని తేలితే ఈ కారణం బలం అంతటితో తగ్గిపోతుంది.

రెండవది, మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంటి లోను. జీతగాళ్ళకు బ్యాంకులు ఇటీవలి పే స్లిప్పులు, ఫారం 16 (జీతం, పట్టుకున్న పన్ను వివరాలతో యజమాని ఇచ్చే పత్రం) చూసి లోను ఇస్తాయి. కాంట్రాక్టు ఉద్యోగమంటే కొన్ని బ్యాంకులు కొంత సంశయించినా, దారి ఉంటుంది. స్వయం ఉపాధి కింద చూపించినవారిని మాత్రం సాధారణంగా రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతాయి, కొత్తగా కన్సల్టెంటు అయిన మీ దగ్గర అవి ఉండవు. పైగా, పన్ను శాఖకు 8,38,800 అని చూపిన ఆదాయమే బ్యాంకు అధికారి బల్ల మీదికీ వస్తుంది. నెలకు డెబ్బై వేల లోపు ఆదాయమున్న మనిషికి ఎంత లోను వస్తుందో అంతే మీకూ మంజూరు కావచ్చు. ఫీజులో సగమే ఆదాయమని ఒకచోట రాసి, మొత్తం ఆదాయమేనని మరోచోట చెప్పడం కుదరదు.

మూడవది డబ్బు చేతికందే సమయం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా అందాలి, ఉద్యోగం మానినప్పుడు బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. అదే రోజు అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం, నిర్ణీత కాలానికి నియమించిన ఉద్యోగికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది. కాంట్రాక్టులో పన్నెండు నెలలు అని రాశారా, పదకొండు అని రాశారా అన్నది గమనించండి. గ్రాట్యుటీని సీటీసీలోనే కలిపేశారేమో కూడా చూడండి. కలిపి ఉంటే పైన చెప్పిన లెక్కలో చేతికొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది.

ఇంకొక జాగ్రత్త ఉంది. ఉదయం తొమ్మిదింటికి లాగిన్ కావాలి, సెలవుకు మేనేజరు అనుమతి తీసుకోవాలి, మరెక్కడా పనిచేయరాదు అని ఒప్పందంలో ఉంటే, కాగితం మీద కన్సల్టెంటు అని రాసినంత మాత్రాన అది ఫీజు కాదు, జీతమేనని పన్ను శాఖ వాదించవచ్చు. ఆసుపత్రుల కన్సల్టెంట్ డాక్టర్ల విషయంలో ఈ వివాదం హైకోర్టుల దాకా వెళ్ళింది. మీ పని తీరు 44ఏడీఏ కిందికి వస్తుందో రాదో, ఒప్పందం ప్రతి చేతపట్టుకుని ఆడిటరు దగ్గర తేల్చుకోవాలి. ఏజెన్సీ హెచ్చార్ మాట మీద కాదు. సొంత కంపెనీ పెట్టమన్న సలహా కూడా మీకు వచ్చే ఉంటుంది. ఒక్క ఏడాది కాంట్రాక్టు కోసం ఏటా ఆడిటు, ఫైలింగుల బెడద తెచ్చుకోనవసరం లేదు.

మీ పరిస్థితిలో నేనైతే పేరోల్‌నే ఎంచుకుని, బీమాలో తల్లిదండ్రుల పేర్ల కోసమూ, సీటీసీలో పది వేల పెంపు కోసమూ బేరమాడతాను. లోను మంజూరై, ఇల్లు రిజిస్టరై, కాంట్రాక్టు పొడిగించే సమయం వస్తే అప్పుడు కన్సల్టెంటు మార్గాన్ని మళ్ళీ పరిశీలించవచ్చు. అప్పుడు కూడా, సెలవులకూ ఖాళీ రోజులకూ విలువ కట్టి, రోజుకు తొమ్మిది వేలకు తక్కువ ఒప్పుకోకండి. ఆ రేటు మీద ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ విడిగా ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోండి.

ప్రశ్న: నేను ఇప్పటికే ఒక ఏజెన్సీకి ఫీజు పద్ధతిలో పనిచేస్తున్నాను. క్లయింటు దగ్గర నుంచి డబ్బు వచ్చాకే ఇస్తామంటూ రెండు నెలల ఇన్వాయిస్‌లు ఆపేశారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉద్యమ్ పోర్టల్‌లో (చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు) సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోండి, రుసుము లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. క్లయింటు ఇచ్చాడా లేదా అన్నదానితో ఆ గడువుకు సంబంధం లేదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు. అయితే నమోదుకు ముందు చేసిన పని బిల్లులకు ఈ రక్షణ కోరడం కష్టం, కాబట్టి పాత బాకీకి లాయరు నోటీసు, కొత్త బిల్లులకు ఉద్యమ్ నంబరు అని విడివిడిగా నడపండి. ఇకముందు ప్రతి ఇన్వాయిస్ మీద ఆ నంబరు, చెల్లింపు గడువు తేదీ తప్పకుండా ముద్రించండి. పనిగంటల పట్టికను క్లయింటు మేనేజరు ఆమోదించిన మెయిలును ఇన్వాయిస్‌తో కలిపి దాచుకోండి. రేపు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు (చిన్న సంస్థల బాకీల వివాదాలు తేల్చే ప్రభుత్వ మండలి) ఫిర్యాదు చేయవలసి వస్తే మొదట అడిగేది అదే.